ఆరని మూల

చిన్నపటేలు రాజేందర్‌ను తిట్టకుండా ఆ పొద్దున మత్తయ్య ఒక్క సాలు కూడా తోలలేదు. ఎడ్లను మలిపేటప్పుడు ఒక తిట్టు, గుంటుక ఇనుప పాసకు చిక్కిన గరిక వేళ్లను గీకేటప్పుడు ఇంకో తిట్టు. ఎడమటి ఎద్దుకు ఇది అలవాటైపోయి, గట్టు దగ్గర అతను నోరు తెరవగానే దానంతట అదే మళ్లుతున్నది.

"నీ అయ్య సచ్చిపోంగనే ఆయన మాట గూడ సచ్చెనారా? వికారాబాద్‌ల పంక కింద గూసొని చేను ఇడువుమని సెప్పంపుతవా? ఇడువ. ఏం జేసుకుంటవో జేసుకో."

వినడానికి ఎడ్లు తప్ప ఎవరూ లేరు. రాజేందర్ ఎదురుగా ఉంటే మత్తయ్య నోట ఇందులో సగం మాట కూడా రాదు. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే ఇంకా గట్టిగా తిట్టాడు.

మత్తయ్యకు యాభై దాటాయో, దాటబోతున్నాయో సరిగా తెలియదు. చిన్నప్పటి నుంచి అరక మోసి కుడి భుజం కిందికి దిగిపోయింది. మడమల పగుళ్లలో నల్లమట్టి ఇంకిపోయి, ఆదివారం ప్రార్థనకు పోయేముందు ఎంత రుద్దినా పోదు. గుడిలో చివరి వరసలో, గోడకు ఆనుకుని కూర్చుంటాడు. పాస్టరు ఏనాడూ అతణ్ణి లేచి ప్రార్థన చెయ్యమనలేదు. ఊళ్లో అతని గురించి నవ్వుకోవడానికి ఒక్క సంగతే ఉంది. పరాయి చేనుకు పెంట తోలే పిచ్చోడు అని.

నిన్న పొద్దుగూకే వేళ కల్లు దుకాణం దగ్గర పటేలింటి పెద్దజీతగాడు బాలప్ప చల్లగా చెప్పాడు. "చిన్నపటేలు వస్తుండు మత్తయ్య. ట్రాక్టరు మాట్లాడిండు. గా పడమటి చేను ఇగ నువ్వు ఇడువాలె." మత్తయ్య కల్లు ముంత సగంలో వదిలేసి లేచాడు. తెల్లవారకముందే ఎడ్లు కట్టాడు.

కారణం లేకుండా కాదు. ఆ ఊళ్లో పటేండ్ల చేన్లు సగం పంటకు పాలుకు చేసేవాళ్ల దగ్గర కాగితమంటూ ఉండదు. ఒక కట్టుబాటు మాత్రం ఉంది. తొలి పెద్దవాన తర్వాత చేను నిండా ఎవని గుంటుక తిరిగితే, ఆ యేటి పంట వానిది. పటేలైనా సరే, అలా తోలిన చేన్లో ఇంకొకని అరక దించడు. దించితే ఊరు మొహాన ఉమ్ముతుంది. అయితే చేను నిండా తోలాలి, గట్టు నుంచి గట్టు దాకా. సగం తోలిన చేను ఎవనిదీ కాదు.

వాన మొన్న పడింది. రాజేందర్ వచ్చేలోపు చేను నిండితే ఈ యేడు దక్కుతుంది. అంతే లెక్క.

చేను తాండూరు నుంచి నాపరాళ్ల గనులకు పోయే బాటకు పడమటి దిక్కున ఉంది. జానెడు నల్లమట్టి, దాని కింద సుద్ద, సుద్ద కింద పలకలు పలకలుగా రాయి. జానెడు దిగే కొయ్యనాగలికి బతికే నేల అది. డెబ్బై రెండు కరువుకు ముందు ముసలి పటేలుకు ఎవరో చెప్పారు, ట్రాక్టరుతో లోతుగా దున్నిస్తే పంట రెండింతలవుతుందని. పెద్ద ఇనుపనాగలి దించారు. కింది సుద్ద పైకి వచ్చింది, పై నల్లమట్టి కిందికి పోయింది. దాని మీద బస్తాలకు బస్తాలు యూరియా చల్లించాడు పటేలు. మొదటి యేడు జొన్న మనిషెత్తు లేచింది. తర్వాతి యేడు నడుమెత్తు. ఆ తర్వాత వాన పడితే చాలు, నేల మీద పెచ్చు కట్టేది. మొలక ఆ పెచ్చును ఎత్తలేక లోపలే మెడ విరిగి చచ్చేది. నాలుగు వానలు పడ్డా నీళ్లు లోపలికి ఇంకేవి కావు. పైపైన నిలిచి, రెండు రోజులకు ఎండకు ఆవిరైపోయేవి.

కరువు పోయిన రెండో యేడు ముసలి పటేలు మత్తయ్యను పిలిచాడు. "చేను సచ్చింది మత్తయ్య. మూడేండ్లు పట్టినా సరే, లేపు. లేపినంక నాలుగేండ్లు నీ చేతులకెళ్ళి గుంజుకోను. నా కొడుకు మీద ఒట్టు."

కొడుకు మీద ఒట్టు! ఆ కొడుకే ఇప్పుడు ట్రాక్టరు మాట్లాడుకున్నాడు.

ఊళ్లో మిగతా పాలుగాళ్లకు ఈ తంటా లేదు. వాళ్లను రెండేండ్లకోసారి ఒక చేను నుంచి ఇంకో చేనుకు మార్చేస్తారు. ఒక్కచోటే కుదురుకుంటే పహాణీ లెక్కల్లో సాగుదారుగా పేరెక్కి చేను అడుగుతారని పటేండ్ల భయం. రెండేండ్ల చేనుకు పెంట ఎవడు పోస్తాడు? పెంట పలకడానికి టైం పడుతుంది. పోసినవాడు పోయాక, వచ్చినవాని పంటలో పలుకుతుంది. అందుకే అందరూ యూరియా చల్లుతారు. ఈ యేటి బస్తా ఈ యేడే తేలిపోతుంది. నేల ఏమైనా కానీ, అది పటేలుది. బుద్ధున్నవాడు చేసే పని అది.

మత్తయ్య మాట నమ్మాడు. మూడేండ్లు ఆ చేన్లో నాగలి పెట్టలేదు. రెండు వేళ్ల లోతు గుంటుక తోలి, కలుపు వేళ్లు కోసి, మట్టిని ఉన్నచోటనే ఉంచాడు. కంది కోసేటప్పుడు కట్టె పీకకుండా కొడవలితో కోసి, వేళ్లు భూమిలోనే మురగనిచ్చాడు. పొయ్యి కట్టె పోయిందని రాహేలమ్మ గొడవ పెట్టింది. ఎండాకాలమంతా బండి కట్టి పెంట తోలాడు. గొర్లవాళ్లకు జొన్నలు కొలిచి, ఎరువు కోసం రాత్రిళ్లు చేన్లో మంద పెట్టించాడు. అన్నీ కలిసిరాలేదు. తూర్పు వైపు రెండు రాత్రులు ఎక్కువ మంద పడి, అక్కడ కంది తాడిచెట్టులా పెరిగి ఆకు తప్ప కాయ పట్టలేదు. దానికి గొర్లను తిట్టాడు, గొర్లవాళ్లను తిట్టాడు, తనను మాత్రం తిట్టుకోలేదు.

పోయిన చలికాలం ఒకనాడు పిడికెడు మట్టి తీస్తే వేళ్ల సందుల్లోంచి దానంతట అదే జారింది. అందులో ఎర్రలు రెండు మెలికలు తిరుగుతూ కనిపించాయి. సుద్ద తెలుపు పోయి మట్టి మళ్లీ నల్లబడింది. ఆ యేడు కంది కాయ బరువుకు కొమ్మలు వంగాయి. పంటలో సగం పటేలింటికి పోయింది. అయినా మత్తయ్య ఏమనుకోలేదు. ఇంకా నాలుగేండ్లు ఉన్నాయి కదా అనుకున్నాడు.

ముసలి పటేలు సంక్రాంతికి ముందు చచ్చిపోయాడు.

*

ఎండ నడినెత్తికి వచ్చేసరికి చేనంతా అయిపోయింది. దక్షిణపు పల్లపు మూల ఒక్కటే మిగిలింది. పన్నెండు గుంటలు ఉంటుందేమో. మొన్నటి వాన అక్కడ నిలిచి, ఆలస్యంగా ఇంకింది. మత్తయ్య ఎడ్లను ఆపి, ఆ మూలలోకి నాలుగడుగులు వేశాడు. కాలికి మట్టి చెప్పులా అంటుకుంది. వెనక్కి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

రాహేలమ్మ రొట్టెల మూట, నీళ్ల చెంబు పట్టుకుని వచ్చింది. పొట్టి మనిషి, నడక మాత్రం గాలిలా ఉంటుంది. దూరం నుంచే మాట మొదలుపెట్టడం ఆమెకు అలవాటు.

"గాడికే ఆపినవేంది మార్త నాయినా?"

"తడున్నది."

"ఎంత తడి?"

మత్తయ్య పిడికెడు మట్టి తీసి, పిసికి ఉండ చేసి, మోకాలెత్తు నుంచి వదిలాడు. ఉండ చెదరలేదు. చప్పున పడి, పడ్డచోటనే అతుక్కుంది.

"సూస్తివా? ఇండ్ల గుంటుక వెట్టి, ఎడ్లతోని తొక్కిస్తే ఎండకు ఇటుకలైతది. మల్ల మూడేండ్లు పట్టాలె."

"ఇటుకలైతె కానియ్యి. ఇటుకలైనా మన చేతుల ఉంటయ్. తోలు."

"తోల."

"తోలుమంటున్న! చేను నిండాలె గద. ఆ బాలప్ప ఏమన్నడో నువ్వే జెప్తివి."

"వికారాబాదోళ్లు పగటి రైలుకు దిగుతరు. తాండూర్‌ల బువ్వ దిని, సల్లవడ్డంక వస్తరు. గప్పటికి ఆరుతది. రెండు తిప్పులు తిప్పితే అయిపాయె."

"ఆరకపోతె?"

మత్తయ్య రొట్టె తుంచి పల్లికారంలో అద్దాడు.

రాహేలమ్మకు అంత దాకా ఆపుకున్నది ఆగలేదు. "గీ మట్టి మీదున్న పాయిరం ఇంట్ల మనుషుల మీదుంటె మా బతుకు గిట్లుంటుండెనా? ఇంటెన్క మన ఇరవై గుంటల చెలక ఉన్నది. మూడేండ్లాయె, ఒక్క తట్ట పెంట వడ్డదా దాని మీద? మిరపచెట్లు మోకాలు దాటయ్. మనింటి పొయ్యిల బూడిద గూడ పటేలు చేనుకే వాయె! బిడ్డ మార్త పురుటికొచ్చి మర్పల్లికి పోయిననాడు ఒక్క గంపెడు మిరపకాయలు కట్టియ్యలేకపోతి. ఆమె అత్త ఏమన్నదో ఎరుకేనా నీకు?"

"ఏమన్నది?"

"ఏమంటదో అదే అన్నది."

మత్తయ్య చెంబెత్తి నీళ్లు తాగాడు. రాహేలమ్మ లేచి, కొంగు నడుముకు చుట్టి, ముల్లుకర్ర అందుకుని ఎడ్ల వైపు నడిచింది. "నువ్వు తోలకుంటె నేను తోల్త."

అతను ఒక్క ఉరుకులో పోయి కర్ర లాక్కున్నాడు. లాగిన ఊపుకు ఆమె తూలి, మోకాలి మీద పడింది. పడ్డచోట నుంచే అతని మొహంలోకి చూసింది. తర్వాత లేచి, చీర దులుపుకుని, గట్టు మీద అటు తిరిగి కూర్చుంది.

మత్తయ్యకు సిగ్గేసింది. సిగ్గు కోపమైంది. ఆమె చెప్పింది తప్పు కాదు. ఆ మూల పాడైతే పన్నెండు గుంటలే పాడవుతుంది, చేను దక్కుతుంది. చిన్నపిల్లకైనా అర్థమయ్యే లెక్క. అయినా అతని కాలు అటు పడలేదు. ఆ మూలనే అన్నిటికంటే ఎక్కువ చచ్చి ఉండేది. చెరువు ఒండ్రు తట్టలతో మోసి పోసింది అక్కడే. ఎర్రలు మొదట కనిపించింది కూడా అక్కడే. రాజేందర్ అనే ఒకడు వస్తున్నాడని, వాని రైలుకు జడిసి, తన చేత్తో తనే దాన్ని తొక్కించాలా? ఇట్లా అనుకునేకొద్దీ మొండితనం పెరిగింది. కంకరరాయిలా కూర్చున్నాడు. కొంతసేపటికొకసారి లేచి, పిడికెడు మట్టి తీసి, ఉండ చేసి వదిలి చూశాడు. మూడోసారి వదిలినప్పుడు ఉండ అంచు కొంచెం పగిలింది. ఇంకాసేపు అనుకున్నాడు.

అప్పుడే బాట మీద ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

రాజేందర్ పగటి రైలుకు రాలేదు. పొద్దుటి రైలుకే వచ్చాడు.

మత్తయ్య ఉరికి గుంటుక మేడి పట్టుకుని ఎడ్లను అదిలించాడు. ఎడమటి ఎద్దు తడిలో కాలు పెట్టి, దిగబడి, ఆగింది. ఇంకోసారి అదిలించాడు. పాస మట్టిలోకి దిగి, ముద్దలు ముద్దలుగా ఎత్తుకుని, గట్టిగా బిగుసుకుపోయింది. ఒక్క సాలు కూడా సాగలేదు.

ట్రాక్టరు చేను అంచున ఆగింది. తాండూరు నుంచి కిరాయికి తెచ్చిన డ్రైవరు జమాల్ ఇంజను ఆపలేదు. పక్కన మడ్‌గార్డు మీద రాజేందర్ కూర్చున్నాడు, తెల్ల బుష్‌షర్టు, నల్లద్దాలు. వెనక నిలబడి వచ్చిన బాలప్ప ముందుగా దూకి, చేనంతా ఒకసారి కలియజూశాడు. గట్టు నుంచి గట్టు దాకా గుంటుక గీతలు. పల్లపు మూలలో ఎడ్లు నిలబడ్డాయి.

"మూల ఇడిసినవ్ గదనే మత్తయ్య," అన్నాడు.

"ఇడువలే. తోల్తున్న. కండ్లకు గనవడ్తలేదా?"

"తోల్తున్నవ్. తోలలే. గీ రెండు మాటలకు ఫరక్ లేదా?" బాలప్ప గొంతు తగ్గించాడు. "నీయవ్వ, నిండ తోలి ఉంటే నేనే అడ్డం నిలవడుతుంటి. ఊరంత నీ దిక్కుంటుండె. గిప్పుడేమనాలె నేను?"

నిజంగా నిలబడేవాడో లేదో ఎవరికి తెలుసు. కానీ ఆ మాట ముల్లులా దిగింది.

రాజేందర్ దిగి, బూట్లకు మట్టి అంటకుండా గట్టు మీదనే నిలబడ్డాడు. అతనికి ముప్పై కూడా లేవు. "ఏంరా మత్తయ్య, మంచిగున్నవా? నీ మీద నాకేం కోపం లేదు. చేను మస్తు చేసినవ్. అందరు చెప్తుండ్రు. మంచిగైంది గనుకనే నేనే చేసుకుందామనుకుంటున్న."

"పెద్దపటేలు నాలుగేండ్లన్నడు పటేలా. నీ మీదనే ఒట్టు వెట్టిండు."

"నాయిన చాన మందికి చాన చెప్పిండు. ఎవలెవలికి ఏం చెప్పిండో నాకెట్ల తెలుస్తది? నిన్ను ఉత్తగ పొమ్మంటలే. ఉత్తరం దిక్కు చౌడు చేను ఉన్నది గద. అది తీస్కో. దాన్ని గూడ గిట్లనే లేపు."

బాలప్ప నవ్వబోయి ఆపుకున్నాడు. మత్తయ్య గుంటుక మేడి వదిలాడు. గిట్లనే లేపు! మళ్లీ మూడేండ్లు పెంట మోసి, మళ్లీ జొన్నలు కొలిచి, మళ్లీ రాహేలమ్మ చెలకను ఎండబెట్టి, లేపి చేతికియ్యి! చేతిలో ముల్లుకర్ర ఉంది. అది ఎప్పుడు పైకి లేచిందో అతనికే తెలియదు.

"దించు," అన్నాడు బాలప్ప. ఇప్పుడు అతని గొంతులో నవ్వు లేదు. "తాండూర్ ఠాణా దూరం లేదు."

కర్ర దిగింది. ఎడమటి ఎద్దు వీపు మీద దిగింది. అది కొన్నప్పటి నుంచి మత్తయ్య చేత దెబ్బ తినలేదు. చర్మం ఒకసారి వణికింది, తల తిప్పి చూసింది, అంతే. తర్వాత నోట వచ్చిన మాట తనదేనా అని తనకే అనిపించింది.

"తీస్కో పటేలా. తీస్కో, నీ చేనే. కని పెద్దనాగలి దించకు. జానెడు కింద సుద్ద ఉన్నది. ఎన్కట గట్లనే సచ్చింది. గుంటుక తోలిన, గింజలు వెట్టుకుంటె సాలు. కావాల్నంటె నేనే ఉత్తగ వెట్టిస్త."

రాజేందర్ నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోప్పడలేదు. విన్నాడు కూడా. "లోతు దున్నకుంటె గరిక సావదు. బలం తగ్గితె యూరియా ఎయ్యనీకి నేనున్న గద. నీకెందుకు ఫికర్? జమాల్, దించు."

"ఎంత లోతు సేట్?" అన్నాడు జమాల్.

"దిగినంత."

జమాల్ మత్తయ్య వైపు చూశాడు. "భాయ్, జర ఎడ్లను పక్కకు తియ్యి. నేను కిరాయోన్ని."

మత్తయ్య కదల్లేదు. ఎడ్ల పక్కనే నిలబడి ఉన్నాడు. ట్రాక్టరు ఒక మూరెడు ముందుకు వచ్చి ఆగింది, ఇంకో మూరెడు వచ్చి ఆగింది. గట్టు మీద అటు తిరిగి కూర్చున్న రాహేలమ్మ అప్పుడు లేచింది. వచ్చి, ఎడమటి ఎద్దు ముక్కుతాడు పట్టుకుని, తడి మూలలోంచి బయటికి నడిపించింది. గుంటుక వంకరగా ఈడ్చుకుంటూ వెనక వచ్చింది. మత్తయ్యకు దాని వెంట నడవక తప్పలేదు.

గట్టు ఎక్కాక గుంటుకను తలకిందులు చేసి కాడికి వేలాడదీశాడు. ముడి రెండుసార్లు జారింది.

"రేపటికెళ్ళి గనికి పోత," అన్నాడు. "రాళ్లు మోస్తరు గద అందరు."

"ఎడ్లు?"

"అంగడికి."

రాహేలమ్మ ఎద్దు వీపు మీద లేచిన వాతను అరచేత్తో ఒకసారి నిమిరింది. ముందు నడిచింది.

వెనక ఇంజను గొంతు మారింది. మొదటి సాలు తడి మూలలోంచే మొదలైంది. తిరగబడిన మట్టి పెళ్లలు నున్నగా మెరుస్తూ లేచాయి. వాటి వెంట నల్లటి చేను మీద తెల్లగా, ఎవరో సున్నం పోసినట్టు, సుద్ద గీత ఒకటి సాగింది. రెండో సాలు నడుమ ట్రాక్టరు ఆగింది. జమాల్ దిగి, నాగలి కొసకు తగిలినదేదో పీకి, చెయ్యెత్తి చూపించాడు.

"ఓ అమ్మా! గరిటె దొరికింది! మీదేనా?"

రాహేలమ్మ ఆగింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. సిల్వరు గరిటె, మెడ దగ్గర వంగి ఉంది. ఎప్పుడో పొయ్యి బూడిదతో పాటు పెంటకుప్పలోకి పోయి ఉంటుంది. అది పోయిననాడు పక్కింటి భీమమ్మే తీసిందని ఆమెతో జుట్లు పట్టుకుంది, ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. రాహేలమ్మ గరిటె వైపు ఒక అడుగు వెనక్కి వేసింది.

"మాది గాదు!" అని మత్తయ్య అరిచాడు. గట్టు మీది రాజేందర్ కూడా ఉలిక్కిపడి చూశాడు. "మాది గాదు అది! నడువు."

రాహేలమ్మ అతని మొహం చూసి, ముక్కుతాడు లాగింది. ఎడ్లు కదిలాయి. జమాల్ కాసేపు అట్లాగే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వాళ్లు బాట మలుపు దాటేదాకా చూసి, గరిటెను పడమటి గట్టు మీద పెట్టి ట్రాక్టరెక్కాడు.

నాలుగెకరాల ఆరు గుంటల చేను. దాని గట్టు మీద వెల్లకిలా ఒక గరిటె, మెడ వంగి, కడుపు నిండా నల్లమట్టి.